గొర్రెలని చెప్పి ఉంటే

మల్లేశా,

నువ్వు సెలవుకని ఊరెళ్లి అక్కడే పోయి ఏడాదైంది. గల్ఫ్‌లోని ఈ కర్జకాన్ ఊరి దొడ్లో నీ గొర్రెల్ని ఇప్పుడు సాయిలు చూస్తున్నాడు. వాడూ నీలాగే వాటి పిడుదుల్ని పీకి గోళ్ల మధ్య చిదుముతాడు. ఆ రక్తం చేతి పగుళ్లలోకి పోతే జ్వరమొస్తుందన్నా వినడు.

నీకు జ్వరమొస్తే మీవాళ్లు డాక్టరుతో, దుబాయిలో ఏసీ షాపులో పని అన్నారట. నువ్వు వాళ్లకు చెప్పిందదే కదా. ఆయన డెంగీ అనుకున్నాడు. గొర్రెల దగ్గర పనని ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయేది? పిడుదు జ్వరమని తేలేసరికి నువ్వు లేవు.

సాయిలు వచ్చే వారం ఊరికి పోతున్నాడు. "ఇంట్ల గొర్ల పనని చెప్పురా" అన్నాను.

"చెప్త తియ్యన్నా" అన్నాడు.

ఇందాక ఫోన్‌లో భార్యతో అంటున్నాడు, "షాపుల లీవు ఇచ్చిండ్రు" అని. అంటూనే ఇంకో పిడుదును చిదిమాడు.