పేడ టోపీ

చెల్లీ రాగసుధా,

అమ్మ పోయే ముందు నీకోసమని కుండీలో గుచ్చిన గులాబీ కొమ్మ వేరు పట్టింది. చిగుళ్లు కూడా వేసింది.

మన బహదూర్‌పురా సందులో బర్రెల తబేలా ఎప్పుడో ఎత్తేశారు. అయినా అమ్మ ఎక్కడినుంచో పేడ తెచ్చి కొమ్మ కొసకు ముద్ద పెట్టింది. చిన్నప్పుడు మనం నవ్వితే, "టోపీ పెట్టకుంటే కొమ్మ ఎండిపోతది బిడ్డా" అనేది, గుర్తుందా?

ఇక ఆ ముద్ద తీసేయొచ్చు. కానీ ఎండిన పేడ మీద అమ్మ బొటనవేలి గుర్తు అలాగే ఉంది. నిన్న వాన వస్తే డాబా మీద దానికి గొడుగు పట్టి నిలబడ్డాను. "చెట్టుకు వాన మంచిదే గదా, గొడుగెందుకే?" అని మీ బావ కిందినుంచి ఒకటే అరుపులు.

మొక్కను ఎప్పుడైనా తీసుకుపోవచ్చు. నువ్వు మాత్రం త్వరగా రా, వానలు మొదలయ్యాయి.

అక్క