ఫ్రిజ్ మీది పచ్చ టిక్కులు

లోలా, అమ్మమ్మా, ఒకటి ఒప్పుకోవాలి. ఫ్రిజ్ మీద చార్టులో రోజుకో పేజీ రాశానని నేను పెట్టిన టిక్కుల్లో మొదటి మూడే నిజం. నాలుగో రోజు నుంచి అన్నీ ఉత్తుత్తివే. ఆఫీసులో సర్వర్ పడిపోయింది, ఇంటికొస్తే లాప్‌టాప్ మీదే నిద్రపోతున్నా. చార్టు పీకేద్దామంటే, నువ్వప్పటికే పక్కింటి చాయోంగ్ ఆంటీకి చూపించేశావు.

అన్నం కుక్కర్లో ఉంది. ఎండుచేప వేయించి మూతపెట్టా. బీపీ మాత్ర మర్చిపోకు.

నా నవల పూర్తవ్వాలని క్రిస్మస్ ముందు తొమ్మిది తెల్లవారుజాము పూజలు మొక్కుకున్నావు. ఒక్కటి తప్పినా కోరిక తీరదని ఆ మోకాళ్లతో చర్చికి నడుస్తున్నావు. వద్దంటే, "నీ పేజీ నువ్వు రాయి, నా నడక నేను నడుస్తా, ఎక్కువ మాట్లాడకు" అన్నావు. ఈరోజుతో ఎనిమిది. రేపు వెళ్లమనాలో వద్దనాలో నాకు తెలియట్లేదు. నా పేజీలు మాత్రం మూడే.

నీ మనవరాలు,
లిగాయా

అవునూ, ముగ్గురు పిల్లల్ని పెట్టుకుని, చేపల కొట్టు నడుపుతూ, ఓడ మీదున్న తాతకి వారం వారం ఉత్తరం రాసేదానివట. ఏ టైములో రాసేదానివి? ఈ చీటీ వెనక రాసిపెట్టవా.