షుగర్ నోట్‌బుక్

సిరిసిల్ల,
21 ఆగస్టు 2025

మంజులక్కకు,

నమస్తే. ఇక్కడ అందరం క్షేమం అని ఉత్తరం మొదలుపెట్టాలని కాన్వెంట్‌లో సిస్టర్లు నేర్పిండ్రు. అందరం అంటే ఇప్పుడు అవ్వ, నేను.

పొద్దున తొక్కు జాడీ మూత తీస్తే పైన తెల్లగా బూజు పట్టి ఉంది. అవ్వ గంటెతో ఆ మేరకు తీసి పారేసి, కిందిది మంచిగనే ఉందన్నది. నేను తినలేదు.

బాపు కడుపు మీద కూడా ఇట్లనే తీసిండ్రు. జూన్‌లో హెర్నియా ఆపరేషన్ అయి ఇంటికొచ్చినంక కుట్ల చుట్టూ నల్లబడ్డది. ముందు చీము పట్టిందన్నరు, మందులు మార్చిండ్రు. చివరికి కరీంనగర్ తీసుకపోతే ముక్క తీసి పరీక్ష చేసి, ఫంగస్ అన్నరు. చాలా అరుదట, షుగర్ అదుపులో లేనోళ్లకే ఎక్కువ వస్తదట. మూడుసార్లు కోసిండ్రు. ప్రతిసారీ కిందిది మంచిగనే ఉందన్నరు.

మొదటిసారి కోసినంక, నేనేమన్న నేను నడిపే సాంచ మగ్గం మీది బట్టనా, చెడిన కాడికి కత్తిరించుకుంట పోతుండ్రు అని బాపు నవ్విండు. మూడోసారి తర్వాత కండ్లు తెరవలేదు.

ఆపరేషన్ చేసిన డాక్టర్ గుర్తుపట్టక పది రోజులు పాడుచేసిండని, కేసు వేస్తనని నువ్వన్నవు. ఆయన కుట్లు చూసిన రెండుసార్లూ నేను రాసిన షుగర్ నోట్‌బుక్ తిరగేసిండు. నూట ముప్పై, నూట నలభై. షుగర్ ఇంత మంచిగుంటే గాయం అదే మానుతదన్నడు. దస్తూరి ముత్యాల లెక్క ఉందని మెచ్చుకున్నడు. కాన్వెంట్ చదువు పనికొచ్చిందని బాపు మురిసిండు.

ఆ నోట్‌బుక్కే సాక్ష్యమని, లాయర్‌కు చూపిస్తనని నువ్వు అడిగినవు. ఇందులో పెట్టి పంపుతున్న. ముందు ఉత్తరం మొత్తం చదువు. ఫోన్‌లో నాకు మాట పెగలదు, నీకు తెలుసు.

ఆదిలాబాద్‌లో నైట్ డ్యూటీలు తగ్గించిండ్రా? యాళ్లకు తిను.

నీ చెల్లె,
జమున

తా.క. రోజూ పొద్దున బాపు వేలు గుచ్చి షుగర్ చూడమని నాకు అప్పజెప్పి పోయినవు. ఆయన గుచ్చనియ్యలేదు. వేళ్లకు పొక్కలు పడితే సాంచ మీద తెగిన పోగు ఎట్ల అతకాలె బిడ్డా, నువ్వే మంచి అంకెలు చూసి రాయి, అక్క పరేషాన్ కావద్దు అన్నడు. మీటర్‌లో బ్యాటరీ ఏప్రిల్ నుంచే లేదు.