బేరూత్ అమ్మగారి బాకీ

శనివారం, తెనాలి.

అక్కా,

ఇవాళ ఉతికిన దుప్పట్లు నాలుగు, ఎండబెట్టిన మిరపకాయలు రెండు కిలోలు, బేరూత్‌కు చేసిన ఫోన్లు పదకొండు.

పొద్దున టీవీలో లెబనాన్ మీద మళ్లీ బాంబులు పడ్డాయన్నారు. నువ్వుంటే చేతిలో పని వదిలేసి, బేరూత్‌లో నువ్వు పన్నెండేళ్లు పనిచేసిన ఇంటి అమ్మగారికి ఫోన్ చేసేదానివి. "జీతం ఎగ్గొట్టినావిడతో మనకేంటక్కా?" అని నేను దెప్పేదాన్ని. "ఎగ్గొట్టలేదే, అక్కడ బ్యాంకులు ఎవరి డబ్బు వాళ్లకే ఇవ్వట్లేదు" అనేదానివి. నువ్వు పోయి ఏడాదయినా ఆ ఎనిమిది నెలల జీతం నా లెక్కల పుస్తకంలో బాకీగానే ఉంది.

అక్కడ పొద్దున మంచు కొండ మీద, మధ్యాహ్నం సముద్రంలో ఉండొచ్చని, అందుకే ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారని చెప్పేదానివి. టీవీలో ఆ ఒడ్డంతా పొగే. నిన్ను తన పక్కనే కూర్చోబెట్టుకుని రొట్టె తుంచి పెట్టిన ఆవిడ మూడో అంతస్తులో ఒంటరిగా ఉంది. ఫోన్ ఎత్తడం లేదు.

పదకొండోసారి ఎత్తింది. ముందు నువ్వు నేర్పిన తెలుగు మాటే అంది.

"చెల్లీ, తిన్నావా?"

"తిన్నానండి. మీరెలా ఉన్నారు?"

"కిటికీ అద్దాలు లేదు. నేను ఉంది. అక్క డబ్బు బ్యాంకు ఇవ్వలేదు. నేను మర్చిపోలేదు."

"నా పుస్తకంలో మీ బాకీ ఏమీ లేదండి" అన్నాను.

ఫోన్ పెట్టేశాక, ఆ మాట అబద్ధం కాకూడదని పుస్తకం తీసి రాశాను.

బేరూత్ అమ్మగారు, ఎనిమిది నెలల జీతం: చెల్లు.