కోర్మాక్ కట్టిన గోడ

ఓర్లా గారికి,

కొండలెక్కేవాళ్ళ జాతీయ సంఘం తరఫున మీరు మా విక్లో కొండకు రెండుసార్లు వచ్చి, మా పొలంలోంచి కొండకు పోయే దారి గేటు మూయవద్దని బతిమాలారు. నేను వినలేదు. మా రాతిగోడ దాటబోయి కోర్మాక్ అనే ఆయన చీలమండ విరగ్గొట్టుకున్నప్పటి నుంచి నాకు కోర్టు కాగితాలే కలలోకి వచ్చేవి. "కొండెక్కేవాడి జాగ్రత్త కొండెక్కేవాడిదే, మీ మీదికి రాదు" అని మీరన్నా, మీరు వాళ్ళ మనిషేగా అనుకుని తాళం వేశాను. ముట్టుకుంటే ఏం కేసవుతుందోనని ఆనాడు గోడ నుంచి పడిన రాళ్ళు కూడా కదపలేదు. కంతకు తడిక అడ్డం పెట్టాను.

నిన్న కోర్మాక్ కుంటుకుంటూ వచ్చాడు. వెనక నలుగురు.

"ఇదిగో, దిగారు నీ లాయర్లు!" అంది నా భార్య నోరా.

"పెద్దాయనా, పడుతూ పడుతూ మీ గోడ కూల్చేశాను. గొర్రెలు రోడ్డెక్కాయేమో, ఎన్ని తిట్లు తినాలోనని ఇన్నాళ్ళూ రాలేకపోయాను. ఓర్లా ధైర్యం చెప్పి పంపింది" అన్నాడు.

నేనతనికి భయపడుతుంటే, అతను నాకు భయపడుతున్నాడన్నమాట! అయిదుగురూ కలిసి సాయంత్రం దాకా గోడ కట్టారు. "లాయర్లకు ఆకలెక్కువే" అంటూ నోరా వంటసోడా వేసి కాల్చిన రొట్టె, టీ పెట్టింది.

తాళం తీసేశాను. ఆ సంగతి అందరికీ చెప్పండి.

ఒక్కటి మాత్రం చెప్పకండి. ఆ గోడను ఈ ఉదయం మా ముసలి పొట్టేలు ఒక్క కుమ్ముకు పడేసింది. నేనే మళ్ళీ కట్టాను. కోర్మాక్ వచ్చి చూసినప్పుడు, అది తన పనితనమే అనుకోనివ్వండి.

ఇట్లు,
గేటు తెరిచిన రైతు