ఎర్ర దారం కట్టిన అల్లి పొద

తిరుత్తణి, ఆదివారం

తిరువళ్లూరులో కల్యాణమండపం వాకిట మా నర్సరీ తొట్టెలు చూసి ముందు సంతోషపడ్డాను. తర్వాత పొదల ఎత్తు చూసి అనుమానం వచ్చింది. గుట్టలో నీలంగా పూసే అల్లి పొదను తోటమొక్కగా చేయాలని నేనూ అక్క మొగుడూ విత్తనాలు వేసి పెంచుతున్నాం. ఆ మొలకలు ఇంకా జానెడు కూడా లేవు. ఇవి నా నడుము దాకా ఉన్నాయి. మట్టి గీకితే గొడ్డలితో నరికిన లావు వేరు కనిపించింది.

అక్కడి నుంచే బావకు ఫోన్ చేశాను.

"మన మొలకలు ఎదిగేదాకా మండపమోళ్లు కాచుకోనుంటారామ్మా? గుట్టలో యాడ చూసినా ఇవే గదా" అన్నాడు.

"మనం విత్తనాలకు పండ్లు కోసుకునే తల్లిపొదనన్నా వదిలిపెట్టినావా బావా?"

"దాన్ని ముట్టుకుంటానా? మీ అక్క మింద ఒట్టు."

ఆ తల్లిపొదను ఎవరూ కదపకూడదని గుర్తుగా మా ఇంటి మగ్గం మీది ఎర్ర పడుగుదారం కట్టింది నేనే. బావ ఒట్టు వేస్తుండగానే కొమ్మల మధ్య నా వేళ్లకు అదే దారం తగిలింది. ముడి కూడా నేను వేసిందే.

ఫోన్ పెట్టేశాను. ఎవరి మీద ఒట్టు వేశాడో అక్కకు చెప్పాలా, వద్దా...

వేరు తెగిన పొద బతకదని తెలుసు. అయినా మండపం కుళాయి దగ్గర నీళ్లు పట్టి, దానికి పోసి వచ్చాను.