సూది చేతికి గాజులు

2025 ఆగస్టు 11, సోమవారం

నా భార్య సుక్కమ్మకు జ్వరం, కాలు వాపు. షుగర్ మనిషి. పొద్దున ఆటోలో ఇబ్రహీంపట్నం దవాఖానకు తెచ్చాను. ఎమర్జెన్సీలో నరం దొరకలేదు. లావు చేతులు. గుచ్చారు, తీశారు, మళ్లీ గుచ్చారు. చివరికి డాక్టరమ్మ స్కానింగ్ మిషన్ తెచ్చి, తెర మీద చూస్తూ ఎడమ ముంజేతిలో లోతుగా సూది పెట్టింది. నర్సు లిఖిత ఆ చేతి గాజులు తీసి సంచిలో వేసింది.

మధ్యాహ్నం

మందు శుక్రవారం దాకా ఎక్కాలట. ఆగితే కాలికి ముప్పు. నరం లోతుగా ఉంది, లోపల సూది కొస మాత్రమే ఉంది, కదిలితే జారుతుంది అన్నది డాక్టరమ్మ. కొందరికి ఒక్క రోజు కూడా నిలవదట.

ఆగస్టు 12

యాచారం నుంచి నా చెల్లెలు రేణుకమ్మ వచ్చింది. కాలు చూడలేదు, చెయ్యి చూసింది. మా అన్న గుండ్రాయి లెక్క కూసున్నడు, వదినె చెయ్యి బోసిగెందుకున్నది అని వార్డంతా వినేటట్టు అడిగింది. చాయ్ తాగను పోయాను.

వచ్చేసరికి సంచిలోని గాజులు మళ్లీ చేతికున్నాయి. ఒకటి సూది మీదికి ఎక్కింది. సూది జారి మందు కండలోకి పోయి చెయ్యి ఉబ్బింది. తాతా, నువ్ కావలున్నవా లేవా అని లిఖిత నన్ను తిట్టింది. తొడిగింది నేనా?

మళ్లీ మిషన్. కుడి చేతిలో ఒక్కటే నరం కనబడింది. ఇదీ పోతే సిటీకి తీసుకుపోయి మెడలో పెట్టించాలట. రెండు చేతుల గాజులూ తీశారు.

ఆగస్టు 13

రేణుకమ్మ మళ్లీ వచ్చింది. కొత్త మట్టిగాజులు తెచ్చింది. రెండు చేతులూ బోసిగుంటే అన్నకు మంచిది కాదట. నాకు కాలు గుంజుతుంటే నీకు చేతుల ఫికరా అన్నది సుక్కమ్మ. రేణుకమ్మ వింటేనా. సూది చెయ్యే పట్టుకున్నది.

గాజులు గుంజుకున్నాను. కణుపులు నొప్పి పెట్టినా నా చేతికే ఎక్కించుకున్నాను. వార్డంతా చూసింది. గిప్పుడు మీ అన్నకేం గాదు, ఇంటికి పో అన్నది సుక్కమ్మ.

ఆగస్టు 14

సూది నిలిచే ఉంది. గాజులు చప్పుడవుతున్నాయి. మీద కండువా కప్పుకున్నాను.

ఆగస్టు 15

మందు అయిపోయింది. కాలు వాపు తగ్గింది. సూది తీశారు.

సుక్కమ్మ గాజులకని చెయ్యి చాపింది. అవి నా చేతి నుంచి ఊడి రావడం లేదు. లిఖిత సబ్బు తేను పోయింది.